బందెలదొడ్డిలో మబ్బు

"మా దూడ మీ దొడ్డిలో ఉందట. వదిలిపెట్టండి."

గేటు అవతలనుంచి వచ్చిన ఆ మాటకి వరప్రసాదరావు తలెత్తలేదు. నందిగామ బందెలదొడ్డికి కాపలాగా చేరినప్పటినుంచీ రోజూ వినే మాటే అది. ఎవరి చేలోనో పడి మేసిన గొడ్లని రైతులు తోలుకొచ్చి ఇక్కడ పెట్టిస్తారు. సొంతదారు వెతుక్కుంటూ వచ్చి, కాసేపు బతిమాలి, కాసేపు పోట్లాడి, పంచాయతీకి జరిమానా కట్టి తోలుకుపోతాడు. కాకపోతే ఈ గొంతులో బతిమాలడమూ లేదు, పోట్లాటా లేదు. ఆరేసిన చీర తీసుకెళ్ళడానికి వచ్చినట్టుంది.

"ఏం రంగు?" అన్నాడు తుమ్మచెట్టు నీడలో కూర్చునే.

"తెలుపు."

"కొమ్ములు?"

"లేవు."

"తోక?"

"తోకా లేదు, కాళ్ళూ లేవు. ఎడంపక్కన కొంచెం నీలంగా మచ్చ ఉంటుంది. బెదిరితే చినుకులు రాలుస్తుంది."

అప్పుడు తలెత్తాడు. గేటు అవతల ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో తనకంటే పొడుగైన వెదురుగడ, దాని చివర తడిగుడ్డ. మోకాళ్ళదాకా దుమ్ము. ఎండలో దూరాలు చూసి చూసి అలవాటైన కళ్ళు. ఎదురుగా ఉన్న మనిషిని కూడా ఆకాశాన్ని చూసినట్టే చూస్తున్నాయి, ఇతను కురుస్తాడా, ఊరికే పోతాడా అన్నట్టు.

వరప్రసాదరావు గబుక్కున లేచి పంచె సర్దుకున్నాడు.

దొడ్డిలోకి మబ్బు వచ్చింది కిందటి ఆదివారం సాయంత్రం. మునేటి గట్టునుంచి ఎవరో గేదెల మందని తోలుకొచ్చారు. వాటి వెనకాల తెల్లగా ఏదో వస్తే దుమ్మనుకున్నాడు. చర్చికి పొద్దుపోతోందని గేటు మూసి, తాళంవేసి వెళ్ళిపోయాడు. తెల్లారి వచ్చి గేటు తీశాక గేదెల్ని వాటి వాళ్ళు తీసుకుపోయారు గానీ, ఆ తెల్లటిది మాత్రం నీళ్ళతొట్టి మూల ఒదిగి వణుకుతోంది. దూడంత మబ్బు.

ఇంకో ఊళ్ళో అయితే తిరనాళ్ళు చేసి ఉందురు. నందిగామ జనం రెండు రోజులు వచ్చి చూశారు, తలా ఒక సలహా ఇచ్చారు, ఆనక పత్తి ధర గురించి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. అతనికి మాత్రం అది వదల్లేదు. గిన్నెతో నీళ్ళు పెడితే తాగలేదు. తలమీద చిలకరిస్తే ఒళ్ళు విదిలించుకుని కాస్త పెద్దదైంది. మర్నాటినుంచీ అతను ఎక్కడ కూర్చుంటే అక్కడికి వచ్చి నీడపట్టడం మొదలెట్టింది. చదువుకునే రోజుల్లో కిటికీలోంచి ఆకాశం చూస్తున్నందుకు వీపు చిట్లేలా దెబ్బలు తిన్నవాడు. ఇన్నాళ్ళకి ఆకాశమే తనని చూడ్డానికి వచ్చిందనుకున్నాడు. పలకరించకుండా ఎలా ఉంటాడు? పేరు లేందే పలకరించడం ఎలా? దూదిలా ఉంది కదా అని దూదమ్మా అని పిలిచాడు. అది వచ్చింది.

"గరికపాడు మాది. మబ్బుల జ్ఞానయ్యగారి కూతుర్ని. నా పేరు జీవరత్నం" అంది అమ్మాయి. "గేటు తీస్తారా, నేనే తీసుకోనా?"

గొర్రెల కాపరులు లోకమంతా ఉన్నారు. మబ్బుల కాపరులు మాత్రం ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఆ తొలి ఏళ్ళనాటికే కనుమరుగవుతూ, గరికపాడు వైపు ఒకటో రెండో ఇళ్ళవాళ్ళు మిగిలారు. జ్ఞానయ్య గుట్టమీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాక మందని కూతురే కాస్తోంది. గాలిదుమారం వచ్చిన రోజున ఈ దూడ తప్పిపోయింది. తల్లిమబ్బు ఇప్పటికీ ఊరి గుట్టలమీదే నిండుకుండలా నిలబడి ఉంది. చుక్క రాల్చదు. దూడ పక్కన లేందే ఆవు పాలు చేపుతుందా? మబ్బూ అంతే. కింద పత్తి మొలకలు తలలు వాల్చేస్తున్నాయి. రేపు సాయంత్రంలోగా దూడ చేరకపోతే ఈ ఏడు ఆ ఊళ్ళో పంట లేదు.

ఇదంతా ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. వరప్రసాదరావుకి గేటు తియ్యాలనే ఉంది. కానీ తియ్యడానికి లేదు. గడువులోగా సొంతదారు రాని పశువుని సంతరోజున వేలం వెయ్యాలని పంచాయతీ రూలు. గడువు నిన్నటితో తీరింది, ఆ వేలం ఈ సాయంత్రమే. పాటకి బట్టల కొట్టు కోటిలింగం ముందే సిద్ధమైపోయాడు. ఆయన కొట్టు పడమటి ముఖం. మధ్యాహ్నం తిరిగితే ఎండ తిన్నగా లోపలికొచ్చి పట్టుచీరలు వెలిసిపోతున్నాయి. మబ్బుని తెచ్చి కొట్టు ముందు గుంజకి కట్టేస్తే ఏడాది పొడుగునా నీడ. కొత్త పలుపుతాడు కూడా కొనేశాడు.

"మబ్బుని తాడుతో కడతాడా?" అంది జీవరత్నం. అంతవరకూ లేని కోపం అప్పుడొచ్చింది ఆమెకి. "పదండి, మీ ప్రెసిడెంటు దగ్గరికి."

ప్రెసిడెంటు కుటుంబరావు నిదానస్తుడు. కబురందుకుని కోటిలింగం కూడా వచ్చి, మబ్బు తనకే చెందాలన్నాడు. ఒక పశువుకి ఇద్దరు హక్కుదారులు వస్తే ఏంచెయ్యాలో పూర్వంనుంచీ ఒక పద్ధతుంది. గేటు తీసి, ఇద్దర్నీ చెరో పక్కన నిలబెట్టి పిలవమంటారు. అది ఎవరి గొంతుకి వెళ్తే వాళ్ళది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని దొడ్డికి వచ్చాడు. వెనకాల సంతంతా వచ్చింది.

కోటిలింగం చెంబునిండా పన్నీరు తెచ్చాడు. చల్లి, ఇంట్లో పిల్లిని పిలిచినట్టు పిలిచాడు. మబ్బు చలించలేదు. జీవరత్నం గడ ఎత్తి, నాలుక అంగిటికి కొట్టి ఒక చిత్రమైన చప్పుడు చేసింది. వెంటనే అది లేచింది. ఆమె వైపు సగందూరం ఎంత బుద్ధిగా వెళ్ళిందో. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, జనం మీదుగా తేలుతూ వెళ్ళి, గేటు పట్టుకుని నిలబడ్డ వరప్రసాదరావు నెత్తిమీద నిలిచింది.

సంతంతా గొల్లుమంది. అతను సిగ్గుతో చచ్చిపోయాడు. చచ్చిపోతూనే, లోపలెక్కడో సంతోషించాడు కూడా.

దొడ్డి కాపలావాడు దొడ్డిలో పశువుకి హక్కుదారు కాలేడని, కాబట్టి వేలం వెయ్యాల్సిందేనని కోటిలింగం పట్టుబట్టాడు. కుటుంబరావు తల పంకించబోతున్నాడు. జీవరత్నం ఒక్క క్షణం వరప్రసాదరావు వైపు చూసింది. మళ్ళీ అదే చూపు, కురుస్తాడా, పోతాడా అని.

"ఇతను మా పాలేరండి" అంది. "మా పాలేరు దగ్గరికెళ్తే మా దగ్గరికొచ్చినట్టేగా?"

కుటుంబరావు కళ్ళద్దాలు పైకి తోశాడు. "ఏమయ్యా ప్రసాదూ, నిజమేనా? ఎప్పట్నుంచి?"

"ఇప్పట్నుంచేనండి" అన్నాడు వరప్రసాదరావు.

నవ్వులు సద్దుమణిగాక కుటుంబరావు దొడ్డి తాళంచెవులు అడిగి పుచ్చుకున్నాడు. ఒకరి పాలేరు పంచాయతీ కాపలావాడిగా ఉండడానికి వీల్లేదట. ఆయనకి రూలు రూలే. కోటిలింగం కొత్త తాడు చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఎస్సెల్సీ ప్యాసైన కుర్రాడు ఒక్క మాటతో ఉద్యోగం పోగొట్టుకుని, రోడ్డుమీద నిలబడి, నెత్తిమీద నీడతో నవ్వుకుంటుంటే చూసినవాళ్ళు పిచ్చెత్తిందనుకున్నారు. అంత తప్పు కూడా కాదు.

అతనికంటే ముందు కబురు వాళ్ళమ్మ ఆరోగ్యమ్మకి చేరింది. ఇంటికెళ్ళేసరికి ఆవిడ గొడుగు, సద్దిమూట పట్టుకుని వాకిట్లోనే ఉంది. పెళ్ళికాని పిల్లతో ఊళ్ళు దాటి వెళ్ళేటప్పుడు తోడు పెద్దదిక్కు ఉండాలా వద్దా అని కొడుకుని అడిగింది. జవాబు వినకుండా నడక మొదలెట్టింది.

"మీకెందుకు పిన్నిగారూ శ్రమ" అంది జీవరత్నం వెనకనుంచి.

ఆరోగ్యమ్మ ఆగింది. పిల్లని పైనుంచి కిందికి చూసింది. "పిన్నీ గిన్నీ అనకు తల్లీ. అత్తా అను, చాలు" అని గొడుగు విప్పుకుని ముందుకెళ్ళింది. జీవరత్నం మొదటిసారి తడబడి గడ చెయ్యి మార్చుకుంది.

జగ్గయ్యపేట రోడ్డంతా ఎండ. ఆ ఎండలో మంచమంత నీడ ఒకటి వాళ్ళతో కలిసి నడిచింది. ఆరోగ్యమ్మ ఆ నీడకి నాలుగడుగులు ముందే ఉంది, వెనక మాటలు వినపడనంత దూరం కాదు, వింటున్నట్టు కనపడేంత దగ్గరా కాదు. పడమటి గాలి ఎదురు. జీవరత్నం చిటికెడు దుమ్ము తీసి వదిలి అది ఎటు పోతుందో చూసి, దాన్నిబట్టి గడ అటో ఇటో వంచేది. మబ్బు రోడ్డు దిగేది, ఎక్కేది, టెలిగ్రాం తీగల కింద వంగి దూరేది. ఆమె ఒక్కసారీ దాన్ని అదిలించలేదు. బెజవాడ బస్సు పక్కన నెమ్మదించి, ఆ తెల్లటిది ప్యాసింజరా లగేజీనా అని కండక్టరు అడిగితే, సీటులో కూర్చోబెట్టగలిగితే టిక్కెట్టు తీసుకుంటానంది.

"నాకు నేర్పుతారా?" అన్నాడు వరప్రసాదరావు.

"పాలేరుకి నేర్పకపోతే ఎలా? దుమ్ము తియ్యి. అంత కాదు, గుప్పెడు పోస్తే గాలికి కోపమొస్తుంది. ఊఁ, ఇప్పుడు వదులు."

మీరు కాస్తా నువ్వు అయింది. అతను గమనించాడు. అతను మాత్రం మీరు అనే అన్నాడు, ఆ మాటలో తియ్యదనమేదో ఉన్నట్టు.

దుమ్ము అతని కళ్ళలోనే పడింది. ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో కన్ను కూడా ఇచ్చెయ్యొచ్చనుకున్నాడు. మందలో ఒకదాన్ని పిలిస్తే మిగతావి రావా అని అడిగాడు. కాపరి పిలిస్తే అన్నీ వస్తాయని చెప్పింది. మరి కాపరిని ఎవరైనా పిలిస్తే?

"నేను పోను" అంది. "చిన్నప్పట్నుంచీ అంతే. అమ్మ అన్నానికి పిలిచినా పోయేదాన్ని కాదట. నేను పిలవాలి, వాళ్ళు రావాలి. అలవాటైపోయింది."

నడుస్తూ నడుస్తూ మబ్బుల సంగతులు చాలా చెప్పింది. తెల్లవారుజామున వాటికి చలేస్తుందని. తాటితోపులంటే ఇష్టమని, ఒళ్ళు రాసుకోవడానికి. వాటిలో వాటికి అలకలుంటాయని. ఆఖరున, అన్నిటికంటే పెద్ద నియమం చెప్పింది. మబ్బుకి పేరు పెట్టకూడదు. పేరు పెట్టినవాణ్ణి అది వదిలిపోదు, తల్లి పిలిచినా పోదు. వాళ్ళ తాతలనాడు ఎవరో ముచ్చటపడి పేరు పెడితే, ఆ మనిషి పోయేదాకా మబ్బు ఆ ఇంటి చూరు వదల్లేదట. అన్నేళ్ళూ ఆ ఊరికి కరువేనట.

"నువ్వేం పెట్టలేదు కదా?"

"నేనా?" అన్నాడు వరప్రసాదరావు.

అది జవాబు కాదు. కానీ సరిగ్గా అప్పుడే గాలి మళ్ళింది, ఆమె గడ పట్టుకుని పరిగెత్తింది. వెనక్కొచ్చి మళ్ళీ అడగలేదు, నమ్మింది కాబట్టి. అతను నెత్తిమీదికి చూశాడు. దూదమ్మ అతని చూపు తగలగానే ఒళ్ళు విరుచుకుంది.

ఆ రాత్రికి చిల్లకల్లులో ఆరోగ్యమ్మ బంధువులింట్లో దిగారు. నిజం చెప్పేద్దామని అతను నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాడు. చెబితే ఆమె ముఖంలో నవ్వు పోతుంది. తల్లిని చూడగానే దూడే తనని మర్చిపోతుందేమో, అప్పుడు చెప్పే పనే ఉండదేమో. ఇలాంటి ఏమోలతో తెల్లారింది.

మర్నాడు జగ్గయ్యపేట ఇంకా దూరంగా ఉండగానే సున్నపు బట్టీలు వచ్చాయి. జీవరత్నం వాటిని చుట్టుతిరిగి పోదామనే చూసింది. కానీ గాలి ఒక్క ఉదుటున దూడని అటు నెట్టింది. బట్టీల వేడికి అది బుడగలా పైకి లేచింది. పైన పడమటి గాలి పొంచి ఉంది. దానికి చిక్కితే ముక్కలు ముక్కలే.

జీవరత్నం అరవలేదు, ఏడవలేదు. గడ చివరి గుడ్డని సద్దినీళ్ళలో ముంచింది, కొంగు నడుముకి దోపింది, సున్నపురాళ్ళ గుట్టమీదికి చకచకా ఎక్కి గాలికి ఎదురుగా నిలబడింది. గడని నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతూ ఆ నాలుక చప్పుడు మొదలెట్టింది. పనివాళ్ళంతా పలుగులు దించి చూస్తున్నారు. దూడ ఆగింది. తిరిగింది. వేడిని తప్పించుకుంటూ, చల్లటి పక్కనుంచి, మెట్లు దిగుతున్నట్టు కొంచెం కొంచెంగా ఆమె గడ చుట్టూ దిగసాగింది. ఇంకొక్క తాటిచెట్టు ఎత్తు మిగిలింది.

అప్పుడు దాని అంచునుంచి ఒక పాయ తెగి గాల్లో కొట్టుకుపోయింది. కింద వరప్రసాదరావు రెండు చేతులూ పైకి చాచాడు.

"దూదమ్మా" అని అరిచాడు.

పేరు వినగానే అది తిన్నగా అతని మీదికి దూకింది, సరాసరి బట్టీ వేడిలోంచి. అతన్ని చేరేసరికి దూడ కాదు, తలదిండంత మిగిలింది. అతని చేతుల్లో వెచ్చగా, చెమ్మచెమ్మగా వణికింది.

జీవరత్నం గుట్ట దిగి వచ్చింది.

"పేరు పెట్టావు" అంది.

"పెట్టాను."

"నిన్న అడిగాను."

"అడిగారు."

అంతే. ఆపైన ఆమె అతనితో మాట్లాడలేదు. దారి వదిలి, నాపరాయి తవ్వి వదిలేసిన గోతి దగ్గరికి నడిపించింది. అడుగున కిందటేటి వాననీళ్ళు పచ్చగా నిలిచి ఉన్నాయి. అతన్ని దూరంగా రాతిగోడ వైపు తిరిగి కూర్చోమని, కదలొద్దని, చూడొద్దని ఆరోగ్యమ్మ చేత చెప్పించింది. తను నీళ్ళలోకి దిగి, గుడ్డ తడిపి పిండుతూ, ఒక్కొక్క చుక్కే దూడకి పట్టించింది. పొద్దు నడినెత్తి దాటేదాకా పట్టింది. అది నీళ్ళమీద పడుకుని మెల్లమెల్లగా ఉబ్బింది, మళ్ళీ దూడంత అయింది.

వరప్రసాదరావు రాతిగోడని చూస్తూ కూర్చున్నాడు. ఆరోగ్యమ్మ వచ్చి చద్దన్నం చేతిలో పెట్టింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభంరా" అంది గానీ, తల నిమిరే వెళ్ళింది. అతను దాన్ని పక్కన పెట్టేశాడు. జీవరత్నం తిట్టి ఉంటే బాగుండేది. నమ్మి ఒక మాట అడిగితే తప్పించుకున్నాడు, దానికి తిట్టేం సరిపోతుంది? వెనక నీళ్ళ చప్పుడు వింటూ, ఆ చేతులు ఎలా కదులుతున్నాయో చూడకుండానే చూస్తూ, ఈ పిల్లంటే తనకి ప్రాణమని అప్పుడు తెలుసుకున్నాడు. తెలుసుకోవడానికి అంతకంటే పాడువేళ ఇంకోటి దొరకదు.

గరికపాడు చేరేసరికి ఎండ వాలుతోంది. ఊరంతా చేలగట్ల మీదే ఉంది. జ్ఞానయ్యని నులకమంచంతో సహా మోసుకొచ్చి గట్టున దింపారు. పత్తి మొలకలు నేలకి అంటుకుపోయి ఉన్నాయి. అవతల గుట్టలమీద తల్లిమబ్బు, నల్లగా, బరువుగా, పొదుగు నిండిన ఆవులా నిలబడి ఉంది. దూడ వాసన తగిలిందేమో, లోపల్లోపల ఉరిమింది.

దూడ ఆ పిలుపు వింది. విని, వరప్రసాదరావు వీపు వెనక నక్కింది.

"ఏంది బిడ్డా, ఎందుకట్ల దాక్కుంది?" అన్నాడు జ్ఞానయ్య.

జీవరత్నం గడ చివరి గుడ్డ పిండుకుంటూ నిలబడింది. చెప్పేస్తే ఊరు అతన్ని ఏంచేస్తుందో ఆమెకి తెలుసు. వరప్రసాదరావే ముందుకొచ్చాడు. పేరు పెట్టింది తనేనని, అడిగినప్పుడు దాచిందీ తనేనని, అమ్మాయి తప్పు ఇసుమంతైనా లేదని చెప్పాడు. గట్లమీద గొణుగుడు మొదలైంది. జ్ఞానయ్య చెయ్యెత్తి ఆపాడు.

పెట్టిన పేరు వెనక్కి తీసుకోవడానికి లేదన్నాడు ముసలాయన. ఇంకొకరికి ఇవ్వొచ్చు. పెట్టినవాడు పిలవాలి, తీసుకునేవాళ్ళు మనసారా పలకాలి. అప్పుడు మబ్బుకి విడుదల. కాని తీసుకున్నవాళ్ళకి ఆ పేరు జన్మంతా ఉంటుంది, అతను పిలిచినప్పుడల్లా పలకాల్సిందే.

ఎవరో మేకని తెచ్చి నిలబెట్టారు. వరప్రసాదరావు దాన్ని దూదమ్మా అని పిలిచాడు. మేక మబ్బునోసారి, అతన్నోసారి చూసి నెమరు వేసుకుంది. ఆరోగ్యమ్మ, నేను పలుకుతానుండమని ముందుకొచ్చి, కొడుకు పిలవగానే ఏరా అంది. దూడ చలించలేదు. జ్ఞానయ్య నవ్వాడు. "వాడు ఎట్లా పిలిచినా నువ్వు పలికేదానివే కదమ్మా. కొత్తగా ఇచ్చిందేముంది?"

పొద్దు గుట్టల మీదికి దిగుతోంది. గట్లమీద ఒక్కొక్కరుగా జీవరత్నం వైపు చూడసాగారు. ఆ చూపులు వరప్రసాదరావు చూశాడు.

"వద్దండి" అన్నాడు ఆమెతో. "మీరు పలకొద్దు. పంట కోసం జన్మంతా నాకు పలకమనడం అన్యాయం. నేనే దీన్ని తీసుకుని గుట్టెక్కుతాను. తల్లి దగ్గరే ఉంటాను, అదీ అక్కడే ఉంటుంది. దూడ పక్కనుంటే తల్లి చేపుతుంది."

"ఎన్నాళ్ళుంటావు అక్కడ?"

"ఇది నన్ను వదిలేదాకా."

జీవరత్నం గడ కింద పెట్టింది. పగలల్లా మాట్లాడని మనిషి, దగ్గరికి వచ్చి అతని ముఖంలోకి చూసింది. ఈసారి ఆ చూపులో కురుస్తాడా పోతాడా అన్న లెక్క లేదు.

"మా నాన్న మాట సరిగ్గా విన్లేదు నువ్వు" అంది నెమ్మదిగా. "మనసారా పలకాలన్నాడు. పంట కోసం పలికితే ఇది కదలదు."

"మరి..."

"పిలువు."

"పిలిచాక ఇది కదలకపోతే?"

"కదిలితే ఏం చేస్తావో అది ఆలోచించుకో. ఊరంతా చూస్తోంది. నాకు మాత్రం సిగ్గుండదా? పిలువు."

వరప్రసాదరావు కళ్ళు మూసుకున్నాడు. నందిగామ దొడ్డిలో తొట్టి పక్కన మొదటిసారి అన్నంత మెల్లగా అన్నాడు.

"దూదమ్మా."

చేలమీద గాలి నిలిచిపోయింది. చిన్నప్పట్నుంచీ ఎవరు పిలిచినా పోని పిల్ల, అమ్మ అన్నానికి పిలిచినా పోని పిల్ల, ఊరంతా చూస్తుండగా ఒక అడుగు ముందుకు వేసింది.

"ఆఁ" అంది. "వస్తున్నా."

వీపు మీద చల్లదనం తీసేసినట్టైంది అతనికి. కళ్ళు తెరిచేసరికి దూడ లేచింది. అతని చుట్టూ ఒకసారి తిరిగి, ఇక వెనక్కి చూడకుండా చేలమీదుగా గుట్టల వైపు పరిగెత్తింది. తల్లిమబ్బు వంగి దాన్ని లోపలికి తీసుకుంది. ఒక ఉరుము, ఇంకో ఉరుము, ఆపైన వాన. గట్లమీద జనం తడుస్తూ నిలబడి, పైన ఆకాశాన్ని చూడాలో కింద జీవరత్నాన్ని చూడాలో తేలక రెండూ చూశారు. ఆమె మనసేమిటో మబ్బే చెప్పేసింది కదా, ఇంక ఆమె దాచడానికేం మిగల్లేదు.

జ్ఞానయ్య మంచంమీద తువ్వాలు నెత్తిన కప్పుకుని ఆరోగ్యమ్మని అడిగాడు, మీవాడికి మబ్బులు కాయడం వచ్చునా అని.

"రాదు అన్నయ్యగారూ" అంది ఆవిడ గొడుగు ఆయన మీదికి పట్టి. "నీళ్ళు పెట్టడం వచ్చు. మిగతాది మీ అమ్మాయి నేర్పుతుంది."

"నేర్పనీ. నాకూ ఈ కాలుతో ఒక మనిషి కావాలె" అన్నాడు జ్ఞానయ్య. ఆయన ఒప్పుకోవడం అంతకంటే పొడుగ్గా ఉండదు.

జీవరత్నం అప్పటికే చేలోకి దిగిపోయింది. వాన ఒక పక్కకే కొడుతోందని, మబ్బుని తూర్పు చేలకి జరపాలని, గడ ఎత్తి కేకలేస్తూ పరిగెడుతోంది. జడ వీపుకి అంటుకుపోయింది. వరప్రసాదరావు గట్టున నిలబడి తడుస్తూ చూశాడు. నిజమో కలో తేల్చుకోవాలనిపించింది.

"దూదమ్మా" అని పిలిచాడు.

"ఊరికే పిలవకు" అంది ఆమె దూరంనుంచి. "పనిలో ఉన్నా."

అంది గానీ, వచ్చింది.